రామప్పంతులు శంకరశాస్త్రి అయిన దారి

జె.వి. సోమయాజులు గారు యాభై దాటాక నటుడయ్యారని ఎవరైనా అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఏటా ఫిబ్రవరి 2 వచ్చిందంటే ‘శంకరాభరణం’ విడుదలైన రోజని ఎక్కడో ఒకచోట వ్యాసం ఖాయం. అందులో ఒక వాక్యమూ ఖాయం. ఆఫీసులో ఫైళ్లు చూసుకుంటున్న డిప్యూటీ కలెక్టరు ఒక్క సినిమాతో హఠాత్తుగా కళాకారుడైపోయాడని. హఠాత్తుగా ఏటండీ? విజయనగరంలో ఫైలు చూడ్డం, వేషం కట్టడం ఒకే మనిషి చేసే పనులు. పది నుంచి అయిదు దాకా ఒకటి, దీపాలు పెట్టాక రెండోది. నేనూ ఆ రెవెన్యూలోనే గుమస్తాగా చేరి డిప్యూటీ తాసిల్దారుగా దిగిపోయాను. నాటకాల్లో నాది ప్రాంప్టరు ఉద్యోగం. సైడ్ వింగులో టార్చిలైటు పట్టుకుని, మాట మరిచినవాడికి గుసగుసగా అందించడం. దానికి చప్పట్లు ఉండవు గానీ నాటకం మొత్తం కంఠతా వస్తుంది. అందుచేత ఆ వాక్యాన్ని సరిదిద్దే అధికారం నాకు కొంత ఉందనుకుంటున్నాను.

సరిహద్దులు చెప్పకుండా రెవెన్యూవాడు కదల్లేడు కాబట్టి ముందు ఊరి సంగతి. సోమయాజులు గారు పుట్టింది లుకలాం అగ్రహారంలో, 1928 జూలై 30న. అప్పటికది మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు ఆ పక్కంతా విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ఊరు ఊరి చోటునే ఉంది, ఆయనకి ఇరవై రెండేళ్లు వచ్చేసరికి మాత్రం మూడు జిల్లాలు మారింది. ఇక విజయనగరం తనకంటూ జిల్లా అయింది 1979 జూన్ 1న, శ్రీకాకుళం నుంచి కొన్ని తాలూకాలు, విశాఖ నుంచి కొన్ని తెచ్చి కలిపితే. కొత్త కలెక్టరేటుకి బల్లలు, బీరువాలు దొరక్క అవస్థలు పడుతున్న ఆ ఏడే ఆయన ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి వేషం కట్టారు. అప్పటికి యాభై ఒకటి.

సినిమావాళ్ల లెక్కలో అది ఆరంభం. మా ఊరి లెక్క వేరు. అది 1892 నుంచి మొదలవుతుంది.

ఆనంద గజపతి మహారాజు కాలంలో జగన్నాథ విలాసినీ సభ అని ఒక నాటక సమాజం ఉండేది. ముందు సంస్కృత నాటకాలు ఆడేవారు. 1892 ఆగస్టు 13న ‘కన్యాశుల్కం’ ఆడారు. గురజాడ అప్పారావు గారికి అప్పటికి ముప్పై నిండలేదు, సంస్థానంలో కొలువు. ఆ నాటకం వెనకాల ఒక రికార్డు ఉంది. అది తలుచుకుంటే నాకు వృత్తిరీత్యా సంతోషం. మహారాజు వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లన్నీ లెక్క తియ్యమన్నారు. 1,034 తేలాయి. గురజాడ గారు ఆ అంకె తన ముందుమాటలో వేశారు. చంటి పిల్లలకి కట్టిన వెలలకి పట్టీ రాసి, దాన్నుంచి నవ్వుల నాటకం తీయడం ఎలాగో ఆయనకే తెలిసింది. 1897లో అచ్చయింది. ఆ ఏడే మహారాజు పోయారు. 1909లో గురజాడ గారు దాన్ని తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేదీ ఆడేదీ ఆ రెండో కూర్పే. ఏడంకాలు. ఉన్నదున్నట్టు ఆడితే ఎనిమిది గంటలు. పొద్దుగూకాక తెర ఎత్తితే కోడి కూసేదాకా ప్రాంప్టరు నిలబడాలి.

ఆ నాటకం వచనం కావడం వల్లే సోమయాజులు గారి లాంటివాళ్లు నటులయ్యారని నా వాదన. అప్పట్లో తెలుగు నాటకమంటే పద్యం. హార్మోనియం పక్కనుండాలి, రాగం తీయాలి, జనం వన్స్‌మోర్ అంటే చచ్చిపడిన పాత్ర లేచి మళ్లీ పాడాలి. గొంతు లేనివాడికి తెర లాగే పని తప్ప ఇంకోటి దొరికేది కాదు. ‘కన్యాశుల్కం’ ఆ తలుపు తీసింది. దానికి కావలసింది గొంతు కాదు, చెవి. బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఎలా మాట్లాడాడు, అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఎలా కసురుకున్నాడు, నౌకరు అసిరిగాడు ఏ యాసలో బదులిచ్చాడు, ఇవి విన్నవాడు ఆడగలడు. మాస్టర్లు, ప్లీడరు గుమస్తాలు, తాలూకా ఆఫీసు ఉద్యోగులు, బ్యాంకులవాళ్లు మేకప్ వేసుకోగలిగింది అందుకే. తర్వాత తర్వాత ఆత్రేయ గారి ‘ఎన్జీవో’ లాంటివి వచ్చేసరికి ఉద్యోగి తన కథే తాను ఆడుకున్నాడు. 1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీలు పెట్టి ఇలాంటి ఔత్సాహికుల్ని ఊరూరా తిప్పింది.

నేర్పేదెవరు? ఎవరూ లేరు. నాటకానికి బడి లేదు, సిలబస్ లేదు. పాతవాడు ఆడుతుంటే కొత్తవాడు చూస్తాడు. రిహార్సల్లో ఎవడో ఒకడు, “ఒరే, నువ్వు రామప్పంతులువా, రామదాసువా? ఆ కళ్లేటి అలగ భక్తిగా పెట్టావు?” అంటాడు. అదే పాఠం. మా ఊరికి గురువు లేని విద్య కొత్త కాదు కూడా. అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు విజయనగరంలో కుప్పుసామి నాయుడు అనే ఆయన హరికథ విని, 1883లో ‘ధ్రువచరిత్ర’ తానే రాసి తానే చెప్పారు. పందొమ్మిదేళ్ల కుర్రవాడు. హరికథ ఎలా చెప్పాలో ఆయనకి పీట వేసి నేర్పినవాడెవడూ లేడు. 1919లో విజయరామ గజపతి సంగీత పాఠశాల పెడితే ప్రిన్సిపాలుగా ఆయన్నే కూర్చోబెట్టారు. హరికథకి గురువు లేనివాడు బడికి పెద్ద. లేటు అన్న మాటకీ మేం అంత జడుసుకోం. గురజాడ గారే ‘ముత్యాల సరాలు’ కట్టింది 1910లో, నలభై ఎనిమిదో ఏట. ‘దిద్దుబాటు’ కథ రాసిందీ ఆ ఏడే. ఇంకో అయిదేళ్లకి పోయారు.

అన్నదమ్ములిద్దరూ ఈ వాతావరణంలో పెరిగారు. సోమయాజులు గారు అన్న, రమణమూర్తి గారు తమ్ముడు. తమ్ముడు 1933లో పుట్టారు. 1950లలో వాళ్లు ‘కన్యాశుల్కం’ చేతిలోకి తీసుకున్నారు. ఎనిమిది గంటల నాటకాన్ని జనం కూర్చుని చూడగలిగినంతకి కుదించి, ఊరూరా తిప్పారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు. రమణమూర్తి గారు 1957లోనే ‘ఎమ్మెల్యే’తో సినిమాల్లోకి వెళ్లారు, అయినా గిరీశాన్ని వదల్లేదు. దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ పొగచుట్ట ఆయన నోట్లోనే ఉంది. జనానికి గిరీశం జ్ఞాపకం ఉండిపోతాడు. నాటకం తెలిసినవాళ్లని అడగండి, కష్టమైన వేషం రామప్పంతులిదంటారు.

ఎందుకు కష్టమో చెప్తాను. గిరీశం మాటలగారడీ చేస్తాడు, మాటలే అతన్ని మోసుకుపోతాయి. రామప్పంతులు అలా కాదు. రామచంద్రపురం అగ్రహారంలో పెద్దమనిషి, వ్యాజ్యాల దళారీ. దొంగకాగితం పుట్టించగలడు, సాక్షిని తయారుచేయగలడు, లుబ్ధావధాన్లుకి సంబంధం కుదిర్చి మధ్యన తన వాటా తినగలడు. మధురవాణిని ఉంచుకున్నానని మీసం దువ్వుతాడు గానీ ఆవిడ కంటె విషయంలో పట్టుపడితే గజగజలాడతాడు. ఊళ్లో అందరికీ ఉచ్చు వేసి, చివరికి అన్ని ఉచ్చుల్లోనూ తానే పడతాడు. అతన్ని పూర్తిగా వెధవగా ఆడితే రెండో అంకానికే జనం విసుగుతారు. పూర్తిగా హాస్యగాడిగా ఆడితే భయం పోతుంది. ఒక్క ముఖంలో దర్జా, దురాశ, పిరికితనం మూడూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని నిలబడాలి.

తాలూకా ఆఫీసులో పనిచేసినవాడికి ఈ మనిషి పరాయివాడు కాదు. మెట్ల మీదే ఉంటాడు. పట్టాదారు చేతిలో అర్జీ లాక్కుని, “నీకెందుకు, నేను చూస్తాను కదా” అంటాడు. దొరగారు తనకి బాగా తెలుసని బయట చెబుతాడు, లోపలికొచ్చి దొరగారి ముందు చేతులు కట్టుకుంటాడు. జమాబందీ రోజుల్లో మరీను. అడంగల్లో ఎవడి పేరు ఎక్కాలో, ఏ గట్టు ఎటు జరగాలో కబుర్లన్నీ ఆ నోటిమీదుగానే నడుస్తాయి. సోమయాజులు గారు ఇలాంటివాళ్లకి బల్ల అవతలి పక్క కూర్చుని జీతం తీసుకున్న మనిషి. పగలు వాళ్ల అర్జీల మీద సంతకం, రాత్రి వాళ్ల వేషం. నటనకి ఇంతకన్నా పెద్ద కాలేజీ నేను చూడలేదు. గుమస్తాలంతా నటులు కాలేదు కదా అని మీరనవచ్చు. నిజమే, నేనే కాలేదు. చూసినదాన్ని ఒంట్లోకి దింపుకోవడం కొందరికే వస్తుంది.

ఉద్యోగి నటుడికి ఒక ఇనుప పట్టీ కూడా ఉంటుంది. 1964 నాటి ప్రవర్తనా నియమావళి. జీతం కాక ఇంకో సంపాదన వచ్చే పని చేయాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. ఊళ్లో నాటకమైతే ఎవడూ పట్టించుకోడు, పైగా జిల్లా అధికారే మొదటి వరసలో కూర్చుని పకోడీలు తింటాడు. సినిమా అంటే సంగతి వేరు. అందుకే మా తరం నాటకాల ఉద్యోగుల్లో చాలామందికి సినిమా అనేది రిటైరయ్యాక చూసుకుందాంలే అనుకునే వ్యవహారం.

1979కి వద్దాం. కె. విశ్వనాథ్ గారు, నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారు ఒక సంగీత విద్వాంసుడి కథ పట్టుకున్నారు. పెద్ద పెద్ద పేర్లే అనుకున్నారు, శివాజీ గణేశన్ దాకా వెళ్లిందని సినిమా జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరికి జనానికి ముఖం తెలియనివాణ్ణి ఎంచుకున్నారు. పేరున్న నటుణ్ణి పెడితే జనం ఆ నటుణ్ణే చూస్తారు. ముఖం తెలియకపోతే శంకరశాస్త్రినే చూస్తారు. ఈ ఎత్తు వేసిన విశ్వనాథ్ గారు సౌండు రికార్డిస్టుగా బతుకు మొదలుపెట్టినవారు, సోమయాజులు గారికన్నా ఒకటిన్నరేళ్లు చిన్న.

ఇక్కడ నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. కర్ణాటక సంగీతానికి తెలుగు సినిమా కట్టిన అతి పెద్ద గుడిలో మూలవిరాట్టు పాడలేడు. ఆ విగ్రహం గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిది. ఆయనా శాస్త్రీయ సంగీతం గురుముఖంగా నేర్చుకున్నవారు కాదు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ మొదట మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి చేత పాడిద్దామనుకున్నారు. మహదేవన్ సహాయకుడు పుహళేంది, బాలు పాడతాడు, నేను నేర్పిస్తాను అని పట్టుబట్టారు. పుహళేంది మలయాళీ, మహదేవన్ తమిళ దేశం నుంచి వచ్చినవారు. వాళ్లిద్దరూ కూర్చుని, ఆ సంగీతం నేర్వని తెలుగు గాయకుడి చేత ఒక్కో సంగతీ పలికించి, పాడలేని విజయనగరం నటుడికి గొంతు తయారుచేశారు. మాటలు జంధ్యాల, పాటలు వేటూరి, కెమెరా బాలు మహేంద్ర. బాలమురళి పాడి ఉంటే విద్వత్తు ఇంకా ఎక్కువ ఉండేదేమో. జనం మాత్రం బజార్లో పాడుకునేవారు కాదు. ఇది నా అభిప్రాయం, సంగీతం తెలిసినవాళ్లు కోప్పడినా మార్చుకోను.

పాడలేనివాడు పాడుతున్నట్టు కనపడటం పెదవుల పని అనుకుంటారు. పెదవులు చివర. ముందు ఊపిరి. పల్లవి ఎత్తుకునే ముందు ఛాతీ నిండాలి, పైస్థాయికి వెళ్లేటప్పుడు మెడ నరం బిగియాలి, కనుబొమలు లేవాలి, తొడ మీద చెయ్యి తాళం తప్పకూడదు. పాట ఆగాక కూడా ఒక్క క్షణం ఒళ్లు పాటలోనే ఉండాలి. వర్షంలో తడుస్తూ పాడే పాటలో ఆయన్ని చూడండి. గొంతు బాలుది, ఊపిరి సోమయాజులుది. పక్కన సంగీత కాలేజీ ఉన్న ఊళ్లో, 1936 నుంచి ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాలుగా ఉన్న ఊళ్లో, ఘంటసాల గారు వారాలు చేసుకుని చదువుకున్న ఊళ్లో విద్వాంసుడు ఎలా కూర్చుంటాడు, శాలువా ఎలా సర్దుకుంటాడు, పక్కవాద్యం వైపు ఎలా చూసి మెచ్చుకుంటాడు అన్నది జనమంతా ఎరిగిన సంగతి. ఆ కాలేజీ మెట్లెక్కనక్కర్లేదు, ఊళ్లో కచేరీ ఉన్నప్పుడు అరుగు మీద చోటు దొరికితే చాలు.

మిగిలింది ఆఫీసు ఇచ్చింది. ఈ మాట నేను గాక ఇంకెవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను. శంకరశాస్త్రి తక్కువ మాట్లాడతాడు. ఎదుటివాడు మాట్లాడుతుంటే కదలడు. వెన్ను నిటారు, గడ్డం కొంచెం పైకి. అంతా విని, ఒక్క మాటలో తేల్చేస్తాడు. సాధన మధ్యలో మనసు చెదిరి అపస్వరం పలికిన కూతుర్ని పేరు పెట్టి ఒక్క కేక వేస్తాడే, థియేటర్లో జనం ఉలిక్కిపడేవారు. ఆ కేకకి ముందు ఉన్న నిశ్శబ్దం గమనించండి. అర్జీదారు పావుగంట చెప్పింది విని, ఫైలు మూసి, తల ఎత్తే అధికారి నిశ్శబ్దం అది. ఆ నిశ్శబ్దం ఏ నాటకంలోనూ ఎవరూ రాసిపెట్టరు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒంటికి పట్టాలి.

సినిమా విడుదలైన రోజుల్లో హాళ్లు ఖాళీ. మీసాల హీరో లేడు, ఫైటింగు లేదు. తర్వాత నోటి మాట పాకింది. చూసినవాళ్లు ఇంటికెళ్లి ముసలమ్మల్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. మా ఊళ్లో చెప్పులు హాలు బయట విడిచి లోపలికి వెళ్లినవాళ్లని నేను చూశాను. నాకు మాత్రం మొదటి పది నిమిషాలు శంకరశాస్త్రి కనపడలేదు. రుద్రాక్షలు వేసుకున్న రామప్పంతులు కనపడి, ఇతగాడు ఇప్పుడెవరి దస్తావేజు మారుస్తాడో అని నవ్వొచ్చింది. పక్కసీటు పెద్దమనిషి కసిరాడు. తర్వాత నవ్వు రాలేదు.

ఆ ఏడు జాతీయ అవార్డుల్లో ప్రజాదరణ పొందిన ఉత్తమ చిత్రానికిచ్చే స్వర్ణకమలం ‘శంకరాభరణం’కి వచ్చింది. బాలుకి గాయకుడిగా, వాణీ జయరాంకి గాయనిగా, మహదేవన్‌కి సంగీతానికి. గొంతుకి ఇచ్చారు, రాగానికి ఇచ్చారు, ఆ రెంటినీ మోసిన ఒంటికి ఢిల్లీలో పిలుపు రాలేదు. 1981లో ఫ్రాన్సులోని బెజాన్సాఁ చిత్రోత్సవంలో ప్రేక్షకులిచ్చే బహుమతి కూడా ఆ సినిమాకే. తెలుగు రానివాళ్లు ఓటు వేశారంటే వాళ్లు చూసింది ముఖాన్నే అయి ఉంటుంది కదా అని మేం సమాధానపడ్డాం.

దాని తర్వాత కథ నాకంత ఇష్టం లేదు, త్వరగా దాటేస్తాను. ‘వంశవృక్షం’ 1980లో, ‘త్యాగయ్య’ 1981లో, రెండూ బాపు గారివి. ‘త్యాగయ్య’ అనగానే పెద్దలకి 1946 నాటి నాగయ్య గారు గుర్తొస్తారు. ఆయన తన పాట తానే పాడుకున్నారు, ఆయనతో పోలిక పెడితే ఎవరైనా నష్టపోతారు. 1981లోనే విశ్వనాథ్ గారి ‘సప్తపది’. ఇది మాత్రం ఆగి చెప్పాలి. అందులో సోమయాజులు గారు యాజులు. నిష్ఠాగరిష్ఠుడైన అర్చకుడు. చివరికి మనవరాలిని ఆమె మనసిచ్చిన హరిజన కుర్రాడి చేతిలో పెట్టి పంపించే మనిషి. శంకరశాస్త్రి మొదటి నుంచీ పెద్దవాడే, పెద్దవాడిగానే పోతాడు. యాజులు లోపల విరిగి, కొత్తగా అతుక్కోవాలి. ఆ అతుకు ఆ ముఖంలో కనపడుతుంది. ‘కన్యాశుల్కం’ ఆడిన ఊరివాడు ఇలాంటి వేషం బాగా కట్టడంలో వింతేముంది? అగ్రహారం తప్పులు తొంభై ఏళ్లుగా స్టేజీ ఎక్కి చెప్పుకుంటున్నవాళ్లం.

మిగతావన్నీ తాతగార్లు, గురువుగార్లు, స్వామీజీలు. నుదుట విభూతి, భుజాన కండువా, మెడలో రుద్రాక్షలు. మంచితనం తప్ప ఇంకేమీ రాని ముసలాళ్లు. రామప్పంతులు లాంటి నక్కని అంతకాలం ఆడిన మనిషికి సినిమా ఒక్క నక్కనీ ఇవ్వలేదు. 1955లో పుల్లయ్య గారు ‘కన్యాశుల్కం’ సినిమా తీసినప్పుడు ఆ వేషం సీఎస్సార్ గారు కట్టారు. ఎన్టీ రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. సీఎస్సార్‌కి వంక పెట్టలేం. అప్పటికి మన సోమయాజులు గారికి ఇరవై ఏడు. 1980 తర్వాత దాన్ని మళ్లీ సినిమాగా తీయాలని ఎవరికీ తోచలేదు.

రామారావు గారి పేరు వచ్చింది కాబట్టి ఒక పక్క మాట. ఆయన 1983 జనవరిలో, అరవై ఏళ్లకి నాలుగు నెలలు తక్కువగా, కొత్త బతుకు మొదలుపెట్టి ముఖ్యమంత్రి అయ్యారు. వెంటనే ఫిబ్రవరి ఆఖరుకి ఉద్యోగుల రిటైర్మెంటు వయసు యాభై ఎనిమిది నుంచి యాభై అయిదుకి దించారు. వేలమంది ఒక్క రోజులో ఇళ్లకి వెళ్లిపోయారు. మా ఆఫీసులో అప్పటిదాకా ఫైలు కట్టలు విప్పుతున్నవాళ్లు మర్నాడు పూలదండలతో ఫోటో దిగారు. సుప్రీంకోర్టు దాకా వెళితే అక్కడా ప్రభుత్వం మాటే నెగ్గింది. ఆ తీర్పు రాకముందే వయసు మళ్లీ యాభై ఎనిమిదికి పెంచారనుకోండి. అంతలో ఆ వెళ్లిపోయినవాళ్లలో కొందరు ఏం తోచక రిహార్సల్ రూములో చేరారు. నా ప్రాంప్టింగు జన్మలో అంత రద్దీ ఎప్పుడూ చూడలేదు. కొందరు పనికిరాలేదు, కొందరు పాత నటుల్ని మింగేశారు.

పెద్దవయసులో వచ్చేవాళ్లు దేశంలో ఇంకా ఉన్నారు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’లో ముసలి ఇందిర్ వేషం కట్టిన చునీబాలా దేవికి ఎనభై. ఆమె కూడా ఎప్పుడో బెంగాలీ రంగస్థలం చూసి వచ్చినదే. హిందీలో ఏ.కె. హంగల్ సగం జీవితం దర్జీపని, నాటకాలు చేసి యాభైల దరిదాపుల్లో తెరమీదికి వెళ్లారు. అందరి వెనకా వెతికితే ఒక నాటకాల రిహార్సల్ గది తగులుతుంది. ఒకళ్లకి తగలకపోవచ్చు, విశ్వనాథ్ గారికి. ఆయన నటుడిగా మొదటిసారి కనపడింది 1995లో ‘శుభసంకల్పం’లో, అరవై అయిదో ఏట. ఆయనకి ఆ గది ఎందుకు, ముప్పై ఏళ్లు నటుల్ని ఆడించినవారు. 2023లో పోయారు. ఫిబ్రవరి 2నే.

సోమయాజులు గారు 2004 ఏప్రిల్ 27న హైదరాబాదులో పోయారు. రమణమూర్తి గారు 2016 జూన్‌లో. వాళ్ల తర్వాత ‘కన్యాశుల్కం’ ఆగిపోలేదు, కాకపోతే ఆడేవాళ్లు ముక్కలు ముక్కలుగా ఆడుతున్నారు. బొంకులదిబ్బ సీను ఒకటి, పేకాట సీను ఒకటి, గురజాడ జయంతికి ఇరవై నిమిషాలు. మేం కొందరం కలిసి కనీసం మూడు గంటల నాటకం నిలబెడదామని చూస్తున్నాం. గిరీశానికి కుర్రాళ్లు బోల్డుమంది వస్తారు, ఆ ఇంగ్లీషు ముక్కలు పలకాలని సరదా. రామప్పంతులుకి ఎవరూ ముందుకు రారు. చివరికి రిజిస్ట్రారాఫీసు ఉద్యోగి ఒకాయన ఒప్పుకున్నాడు. వయసు యాభై మూడు, జన్మలో స్టేజీ ఎక్కలేదు. దస్తావేజుల సీన్లు చదివి, “ఇందులో నేర్చుకోడానికేటుంది బాబూ, రోజూ చూస్తున్నదే” అన్నాడు. నిజంగానే నోరు తిరుగుతోంది, చూపు కుదిరింది. కంటె గొడవ దగ్గర మధురవాణికి భయపడమంటే మాత్రం సిగ్గుపడుతున్నాడు. ఆ సీను కూర్చోబెట్టి చేయిద్దామని ఆదివారం రమ్మంటే, మార్చి నెల కదా, రిజిస్ట్రేషన్ల టార్గెట్లున్నాయి, ఏప్రిల్ దాకా ఆగమన్నాడు.